రెండవ సంతకము

గౌరవనీయులగు మిన్నెసోటా రాష్ట్ర ప్రకృతివనరుల శాఖ కమిషనరుగారికి,



సుపీరియర్ మహాసరస్సు పడమటి కొసను వెలసిన డులూత్ నగరమున కాపురముండి, మీ రాష్ట్రమునకు పన్నులు చెల్లించుచు, ఎన్నికలలో ఓటు వేయుచున్న తెలుగువాడను. ఈ లేఖ ఆంగ్లప్రతి వేరుగా మీ కార్యాలయమునకు చేరును. ఈ తెలుగుప్రతి మాత్రము, మిన్నియాపొలిస్, సెయింట్ పాల్, రోచెస్టరు పట్టణములలో ఉద్యోగములు చేసికొనుచు, వేసవి సెలవులలో పిల్లలతో ఉత్తరతీరమునకు వచ్చి, దుకాణము ముందరి మూసు బొమ్మ ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొని, అసలు మృగము కంటబడలేదని నిట్టూర్చి మరలిపోవు నా తెలుగు సోదరుల చెవిని కూడ ఒక మాట వేయవలెనని వ్రాసినది. వారును మీ రాష్ట్రపు ఓటర్లే.

నా విన్నపము ఒక్కటే. మూసుల మేలు కోరి మీరు తీసికొను నిర్ణయములలో ఈ సీమ మూలవాసులగు ఓజిబ్వే తెగలను సలహా చెప్పిపోవువారుగా గాక సహాధికారులుగా నిలుపుడు. ముఖ్యముగా, మూసులు తిరుగు అడవిలో తెల్లతోక దుప్పులు ఎన్ని ఉండవచ్చునో నిర్ణయించు కాగితముమీద మీ సంతకము సరసన వారి సంతకము కూడ ఉండవలెను. మూసులను గూర్చిన లేఖలో దుప్పుల ప్రసక్తి ఏలయని మావారు అడుగుదురు. ఆ సంగతియే కొంత విపులముగా చెప్పవలసియున్నది.

మూసును ఎరుగనివారి కొరకు రెండు మాటలు. జింకల కులమున ఇంతకంటె పెద్ద జంతువు లేదు. ఎదిగిన మగది 400 కిలోలకు పైబడి తూగును. పలకలుగా విప్పారిన దాని కొమ్ములు ఏటేట శీతకాలమున రాలిపోయి వసంతమున మరల మొలచును. దాని శరీరనిర్మాణమంతయు చలికొరకే. శీతకాలమున సున్నకు 5 డిగ్రీల దిగువను దాటి వేడి పెరిగినను, వేసవిని 14 డిగ్రీలు మించినను దానికి వేడిబాధ ఆరంభమగునని పరిశోధకులు చెప్పుదురు. 14 డిగ్రీలనగా హైదరాబాదులో మనము స్వెట్టరు వెదకుకొను ఉదయము. ఈ రాష్ట్రపు వాయవ్యభాగమున 1980ల నడుమ సుమారు 4,000 మూసులు ఉండగా, ఇరువది యేండ్లు గడచునప్పటికి వందకు అటునిటుగా మిగిలినవి. ఈశాన్యభాగమున 2006లో 8,840 ఉన్నవని అంచనా వేసిరి. 2013లో ఆ అంచనా 2,760కి దిగినది. ఆ సంవత్సరమే మీ శాఖ వేటను నిలిపివేసినది. అటుపిమ్మటి లెక్కలు 3,000కు, 5,000కు నడుమ ఊగిసలాడుచున్నవి.

ఈ లెక్కలు మీ శాఖ ఒంటరిగా వేసినవి కావని మీకు తెలియును గాని, పత్రికలు చదువు సామాన్యునకు తెలియదు. జనవరిలో నేలయంతయు మంచు కప్పినపుడు, అడవిని చతురస్రములుగా విభజించి, హెలికాప్టరుమీద వాటిపై సాలువెంట సాలుగా ఎగిరి మూసులను లెక్కించు పనిలో ఓజిబ్వేలగు ఫాండ్‌డులాక్ తెగవారును, గ్రాండ్ పోర్టేజ్, బోయిస్ ఫోర్ట్ తెగల పక్షమున పనిచేయు 1854 సంధి ప్రాధికార సంస్థవారును (ఆ సంధి మాట తరువాత వచ్చును) మీతో కలిసి పాల్గొనుచున్నారు. తెల్లని మంచుపై నల్లని వీపు కనబడుట సులభమే; సూదియాకుల చెట్ల నీడలో పడుకొన్న మూసు మాత్రము నెత్తిమీద ఎగిరినవానికిని దొరకదు. కనుక మునుపు మెడకు రేడియో పట్టెడ వేసిన మూసులున్నచోటికి పోయి, వాటిలో ఎన్ని కంటికి ఆనినవి, ఎన్ని ఆనలేదు అని పరీక్షించిరి; ఆ నిష్పత్తిని బట్టి తక్కిన లెక్కను సవరింతురు. కనబడనిదానిని లెక్కకు తెచ్చు ఈ ఉపాయమే సర్వేకు ప్రాణము, ఆ ఉపాయమునకు మెడపట్టెడ ఆధారము. ఆ పట్టెడ కథకు తరువాత వత్తును.

ఒకానొక ఏప్రిల్ మాసమున గ్రాండ్ మరే ఊరినుండి గన్‌ఫ్లింట్ దారిని పోవుచు ఒక ఆడుమూసును చాల దగ్గరనుండి చూచితిని. శీతకాలమున మంచు కరగుటకై రోడ్డుమీద చల్లిన ఉప్పును నాకుచు, కారు ఆగినను అది కదలలేదు. మూపునుండి డొక్కలవరకు రోమము ఊడి, మిగిలినచోట విరిగిన వెంట్రుకల తెల్లని మొదళ్లు మాత్రము నిలిచి, నల్లనై యుండవలసిన మృగము బూడిదరంగున కనబడెను. చెవుల వెనుకను, మెడక్రిందను రక్తము పీల్చి ఉబ్బిన పిడుదులు ఒకదాని నొకటి ఒరసికొని వ్రేలాడుచుండెను. చిన్ననాట మా ఊరిలో గేదెల చెవులనుండి పిడుదులను గిల్లి తీసిన చేతులు నావి. అయినను ఆ దృశ్యమును నిలిచి చూడలేకపోతిని. ఈ పిడుదు పిల్లలు శరదృతువున పొదల కొనలకెక్కి గుంపులుగా కాచుకొనియుండును. తొలిమంచు ఆలస్యమైనకొలది అవి మూసుమీదికి ఎక్కుటకు గడువు పెరుగును. చలికాలమంతయు రక్తము త్రాగి ఏప్రిలులో నేలరాలు ఆడుపిడుదు మంచుమీద పడినచో చచ్చును, తడియాకుల మీద పడినచో గ్రుడ్లు పెట్టును. శీతకాలము రెండుకొసల కురచయగుటచేత పిడుదుకు రెండువిధముల లాభము. ఒక్కొక్క మూసుమీద ఇవి పదివేల సంఖ్యలో ఉండుట పరిశోధకులు లెక్కపెట్టి చూచినారు.

శీతకాలము కురచ కావలదని ఆజ్ఞాపించుట మీ తరము గాదు. భూమిని వేడెక్కించిన ఆ నేరమున మనకందరకును పాలున్నది. కాని మీ చేతిలోనున్నది ఒకటి కలదు. తెల్లతోక దుప్పి ఈ ఈశాన్యారణ్యమునకు ఆదినుండి నివాసి కాదు. గొప్ప వృక్షములను నరికివేసిన పిమ్మట మొలచిన లేతపొదలను మేయుచు ఉత్తరమునకు ప్రాకివచ్చినది. అది తనతో మెదడుపురుగును తెచ్చినది. దుప్పి దేహమున ఆ పురుగు పెద్ద హాని చేయక కాపురముండును. దాని పిల్లలు దుప్పి పెంటికలతో నేలకు చేరి నత్తలలో ప్రవేశించును. ఆకులతోపాటు ఆ నత్తను తెలియక మ్రింగిన మూసుకు మాత్రము పురుగు వెన్నుపామునకును మెదడునకును ప్రాకి ప్రాణాంతకమగును. రోగము ముదిరిన మూసు ఒకేచోట వలయముగా తిరుగును, చూపు కోల్పోవును, మనుష్యుని చూచి బెదరుట మానివేయును. దీనికి టీకా లేదు, అడవిలో చికిత్స లేదు. దుప్పులు పలుచగానున్న చోట రోగము పలుచబడుననుటయే ఉన్న ఒక్క మార్గము. మీ శాఖ 2011లో ప్రకటించిన మూసు పరిశోధన, నిర్వహణ ప్రణాళికయే మూసుల సీమలో దుప్పులను తక్కువగా ఉంచవలెనని చెప్పుచున్నది. అయితే దుప్పిని వేటాడువారు ఈ రాష్ట్రమున లక్షల సంఖ్యలో ఉన్నారు. వారు లైసెన్సులకు చెల్లించు రుసుము మీ శాఖకు పెద్ద ఆదాయము. దుప్పులు తగ్గినవని వారు సభలలో మొరపెట్టిన ప్రతిసారి మీమీద పడు ఒత్తిడి ఎట్టిదో ఊహించుకొనగలను. ఇట్టి సమయమున, ఆ ఆదాయముతో సంబంధము లేనిదియు, మూసునే తన ఆహారముగాను బంధువుగాను ఎంచునదియు నగు మరియొక అధికారము మీ సరసన కూర్చుండుట మీకు భారము కాదు, బలము.

ఇక పట్టెడల కథ. 2013లో మీ శాఖ వందకు పైగా పెద్దమూసులకు ఉపగ్రహ పట్టెడలు వేసినది. మృగము కదలిక మానిన కొన్ని గంటలలో పట్టెడ పరిశోధకుని ఫోనుకు వార్త పంపుచుండెను. శవము చెడకముందే, వీలయినంతవరకు ఒక దినములోపల, మంచులోను బురదలోను నడిచిపోయి దానిని కోసి చూచుచుండిరి. ఆ శ్రమఫలితముగా మనకు తెలిసినది మిక్కిలి విలువైనది: పెద్దమూసుల మరణములలో సుమారు మూడింట రెండు వంతులు రోగములవలనను, పరాన్నజీవులవలనను సంభవించినవి, తోడేళ్ల వాతబడినవి తక్కినవానిలో ముఖ్యభాగము, అందును కొన్ని ముందే రోగముచే క్రుంగినవి. అందరును తోడేలునే నిందించుచుండిన కాలమున ఈ తీర్పు వచ్చినది. కాని పసిదూడలకు పట్టెడలు వేసినపుడు కొన్ని తల్లులు మనుష్యస్పర్శ సోకిన దూడలను విడిచిపోయినవి. ప్రజలలో అలజడి పుట్టినది. 2015 ఏప్రిలులో నాటి గవర్నరు డేటన్, రాష్ట్రశాఖ ఇకమీదట మూసులకు పట్టెడలు వేయరాదని ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు దయతో పుట్టినదే. దానిని నేను ఎగతాళి చేయను. అయినను దాని ఫలితముగా, సంఖ్య తగ్గిపోవుచున్న మృగమును గూర్చి ప్రశ్న ఇంకను తెగకముందే రాష్ట్రము తన కన్ను తాను మూసికొన్నట్లయినది.

కన్ను పూర్తిగా మూతపడకుండుటకు కారణమెవరు? రాష్ట్రము కొసను, కెనడా సరిహద్దు చెంత, సరస్సు నొరసికొనియున్న గ్రాండ్ పోర్టేజ్ తెగవారు. వారు తమ భూమిలో అంతకుముందునుండియే మూసులకు పట్టెడలు వేసి పరిశోధన సాగించుచుండిరి. గవర్నరు ఉత్తరువు ఆ భూమిలో చెల్లదు గనుక దానిని కొనసాగించిరి. మూసులతోపాటు తోడేళ్లకును పట్టెడలు వేసి, పుట్టిన దూడలలో ఎన్ని ఏ వారమున దేని వాతబడుచున్నవో, తోడేలు పాలెంత, ఎలుగుబంటి పాలెంతయో తరచి చూచిరి. అడుగవలసిన ప్రశ్నను వారే ఎన్నుకొనిరి, జీవశాస్త్రజ్ఞులను వారే నియమించుకొనిరి, ఫలితములను శాస్త్రపత్రికలలో ప్రకటించిరి. ఆ తెగవారు మీ శాఖకు కేవలము సహాయకులై, మీ పద్దులోని సొమ్ముతో మీ ప్రశ్నలకు సమాధానములు వెదకుచుండినవారే యైనచో, ఒక్క ఉత్తరువుతో ఆ జ్ఞానధార యంతయు తెగిపోయెడిది. రెండు స్వతంత్రాధికారములు ఉండుటవలన వచ్చు లాభమును గూర్చి సిద్ధాంతములు వల్లించ నక్కరలేదు. 2015 తరువాతి సంవత్సరములే సాక్షి.

(ఈ విషయమున మా దేశము మీకు నేర్పగలది తక్కువ. నల్లమలలో పులి అడుగును చూచి అది ఎటుపోయినదో చెప్పగల చెంచులు పులుల అభయారణ్యమున కాపలాదారులుగా పనిచేయుదురు గాని, ఆ అడవిలో ఏది పరిశోధింపవలెనో నిర్ణయించు బల్లవద్ద వారికి కుర్చీ అరుదు. అందుచేతనే గ్రాండ్ పోర్టేజ్ ఉదాహరణ నన్ను ఇంతగా ఆకర్షించినదేమో.)

గ్రాండ్ పోర్టేజ్ తీరమునుండి 20 పైచిలుకు కిలోమీటర్ల దూరమున, మిషిగను రాష్ట్రమునకు చెందిన ఐల్ రాయల్ దీవి కలదు. అది ఆ తెగ పూర్వుల సీమ. వారు దానిని మినాంగ్ అందురు. అక్కడ తోడేళ్లను, మూసులను 1958 నుండి ఎడతెగక పరిశీలించుచున్నారు. తోడేళ్లు రెండే మిగిలి, మూసులు దాదాపు పదునైదువందలకు పెరిగి, అడవిని మేసివేయుచున్న దశలో, 2018 శరత్కాలమున దీవికి క్రొత్తగా తరలించిన తోడేళ్లలో మొట్టమొదటివి గ్రాండ్ పోర్టేజ్ భూమినుండి పట్టి పంపినవి. తమ తీరమున మూసులు క్షీణించుచుండగా, తీరమునకెదురుగా మూసులు మితిమీరినచోటికి తమ తోడేళ్లను ఇచ్చిన ఈ జనులు మృగములను విడివిడిగా గాక అడవినంతటిని ఒక్కటిగా చూడనేర్చినవారని నేను వేరుగా వాదింప నక్కరలేదు.

ఇప్పుడు హక్కుల మాట. మా తెలుగువారు ఇల్లు కొనునపుడు లింకు దస్తావేజులు చూడనిదే బయానా ఇయ్యరు. ఎవరినుండి ఎవరికి వచ్చినదో వెనుకకు వెనుకకు తవ్వుకొనిపోవుదురు. డులూతులోని నా ఇంటి హక్కును అట్లే తవ్వుకొనిపోగా, చిట్టచివర దొరకు మూలపత్రము 1854 సెప్టెంబరు 30న మేడలీన్ దీవిలోని లాపాయింట్ వద్ద ఓజిబ్వే పెద్దలును, అమెరికా ప్రభుత్వమును చేసికొన్న సంధి. దానివలననే ఈ ఈశాన్యసీమ ప్రభుత్వపరమైనది, ఆ తరువాత చేతులు మారి మారి నాకు చేరినది. అదే సంధి 11వ అధికరణము, విడిచిన భూమిలో నివసించు తెగవారికి అచ్చట వేటాడుటకును, చేపలు పట్టుటకును హక్కును నిలిపియుంచినది. భూమిని ఇచ్చిన వాక్యము చెల్లును, వేటను నిలిపిన వాక్యము చెల్లదు అనువాడు తాను కూర్చున్న కొమ్మను నరుకుకొనువాడు. మిన్నెసోటా రాష్ట్రమైనది 1858లో. సంధి దానికంటె నాలుగేండ్లు పెద్ద. రాష్ట్రావతరణముతో ఇట్టి హక్కులు అంతరింపలేదని, ఇంకొక సంధికి, 1837 నాటిదానికి, సంబంధించిన మిల్ లాక్స్ వ్యాజ్యమున 1999లో సుప్రీంకోర్టు తేల్చినది. ఈ సీమనే గూర్చి గ్రాండ్ పోర్టేజ్ తెగ 1985లో న్యాయస్థానమునకెక్కగా 1988లో రాజీ కుదిరి, నేటి సంధి ప్రాధికార సంస్థకు దారితీసినది. కనుక మూసును కలిసి కాపాడుట మీరు చూపు ఔదార్యము కాదు, దస్తావేజులోని షరతు. ఆ దస్తావేజుకు నేనును, ఇక్కడ ఇల్లుకొన్న ప్రతి తెలుగువాడును వారసులమే.

2021లో మీ శాసనసభ, రాష్ట్రశాఖలు తెగలతో సంప్రదింపవలెనని చట్టము చేసినది. మంచిపని. కాని సంప్రదించుట వేరు, పాలుపంచుకొనుట వేరు. ముసాయిదా ముగిసిన పిమ్మట అభిప్రాయము అడిగినచో అక్షరదోషములు దిద్దవచ్చును గాని దిశ మారదు. కెనడాలో కేప్ బ్రెటన్ దీవి అనుభవమును చూడుడు. అచ్చటి మూలజాతి మూసులు అంతరించిన తరువాత, 1940ల చివర ఆల్బర్టానుండి తెచ్చి విడిచిన 18 మూసులు, తోడేలులేని ఆ దీవిలో విపరీతముగా పెరిగి, పురుగుపట్టి చచ్చిన అడవి తిరిగి మొలవకుండ మేసివేసినవి. అచ్చటి నేషనల్ పార్కువారు ఆ సీమ మూలవాసులగు మిక్‌మా జాతివారితో కలిసి 2015లో నార్త్ మౌంటెన్ మీద 20 చదరపు కిలోమీటర్ల మేర మూసులను వేటద్వారా తగ్గించిరి, వేటాడినవారు మిక్‌మాలు. అంతకు ఆరేండ్ల ముందే, 2009లో, తమ వేటగాండ్రు మూసును ఎట్లు వేటాడవలెనో, ఎట్లు వృథాచేయరాదో ఆ జాతివారే తమ సంప్రదాయమునుబట్టి నియమములు వ్రాసికొని ప్రకటించియుండిరి. ఆ జాతి పెద్ద ఆల్బర్ట్ మార్షల్, ఒక కంట స్వజాతి జ్ఞానమును, రెండవ కంట పాశ్చాత్యశాస్త్రమును నిలిపి రెంటితో ఒక్కసారిగా చూడుమని చెప్పుచు వచ్చెను. సమస్య మీదానికి తలక్రిందులు, అక్కడ మూసులు మితిమీరినవి, ఇక్కడ తగ్గినవి. పద్ధతి మాత్రము మీకును పనికివచ్చును.

రాష్ట్రవాసులకు మూసువేట నిలిపివేసి తెగలవారికి ఉండనిచ్చుట న్యాయమాయని దుప్పివేటగాండ్రు కొందరు మిమ్ము ప్రశ్నింతురు. 2013లో తెగలవారును తమంతట తామే వేట మానిరి. ఫాండ్‌డులాక్ తెగ 2016లో తిరిగి తెరచినది చాల స్వల్పమైన వేట, అదియు మగమూసులకే పరిమితము. ఒక మగమూసు పలు ఆడుమూసులతో కూడును గనుక కొలదిపాటి మగమూసులను తీసినంతమాత్రమున దూడల సంఖ్య తగ్గదు. పైగా, మూసును కోసి పిల్లలకు వండిపెట్టువాడు దాని కాలేయమును చేతితో తడవి చూచును, చర్మమును వలిచి చూచును. ఏయేట ఏది మారినదో హెలికాప్టరులోనివానికంటె అతనికి ముందు తెలియును. ఆ జ్ఞానము తరతరములు నిలువవలెనన్నచో ఎంత స్వల్పమైనను వేట నిలువవలెను. ఈ విషయమును మీ సభలలో మీ నోటనే చెప్పుడు. ప్రతిసారి తెగలవారే వచ్చి తమ్ము తాము సమర్థించుకొనవలసివచ్చుట నాకు చూడ ముచ్చటగాలేదు.

మీరు చేయదగిన పనులు నాకు తోచినంతలో ఇవి. 2011 నాటి ప్రణాళికను తిరుగవ్రాయునపుడు మొదటి పుటనుండియే తెగల జీవశాస్త్రజ్ఞులు సహరచయితలై యుండవలెను. తెగలు తమ సొమ్ముతో, తమ శ్రమతో సేకరించిన వివరములు తెగలవే. వాటిలో ఏది ప్రకటింపవలెనో, మూసులు ఈను ఏ చోటును గుట్టుగా నుంచవలెనో వారే నిర్ణయించుకొందురు, మీరు అడిగి తీసికొనవలెను. ఏడాదికొక గ్రాంటు కొరకు దరఖాస్తు వ్రాయుచు పదేండ్ల పరిశోధన సాగదు. కనుక శాసనసభ ముందర పద్దు అడుగునపుడు మీ పరిశోధనకు అడిగినట్లే వారిదానికిని దీర్ఘకాలికమైన నిధిని కలిసి అడుగుడు. రాష్ట్రశాఖ మరల మూసులకు పట్టెడలు వేయవలెనా, పెద్దమూసులకు మాత్రము వేసి దూడలను విడువవలెనా అనునది కూడ వారితో కూర్చుండి తేల్చుకొనదగినదే. ఆ విద్యలో ఇప్పుడు అనుభవము మీకంటె వారికే ఎక్కువ.

అన్నిటికంటె ముందు దుప్పుల లెక్క. వేటప్రాంతము ఒక్కొక్కదానికి దుప్పుల సంఖ్యాలక్ష్యము నిర్ణయించుటకై మీరు ప్రజాభిప్రాయము సేకరింతురు. మూసుల సీమలోని ప్రాంతములకు ఆ పద్ధతి చాలదు. అచ్చట ప్రజాభిప్రాయము విన్న పిమ్మట తుది అంకెను మీరును, మూడు తెగల ప్రతినిధులును కలిసి నిర్ణయించి, కలిసి సంతకము చేసి, ఏకాభిప్రాయము కుదరనిచో ఆ సంగతియు, అందుకు కారణములును బహిరంగముగా ప్రకటింపవలెనని నా కోరిక. ఇందుకు మీకున్న అధికారము చాలునో, శాసనసభ అనుమతి కావలెనో నాకు సమాధానముగా తెలుపుడు. అనుమతియే కావలసినచో మా నియోజకవర్గ ప్రతినిధికి వ్రాయుటకు డులూతులోని తెలుగు కుటుంబములలో కొన్ని ఇప్పటికే ఒప్పుకొన్నవి. మీ ఉత్తరము వచ్చినవెంటనే తక్కినవారి తలుపు తట్టుదును.

ఇట్లు,
భవదీయుడు,
డులూత్ పురవాసియగు ఒక తెలుగువాడు